పద్దెనిమిదో దిబ్బ

ఎక్కడం లేదు... బండి ఎక్కడం లేదు!

ఇంజిన్ గొంతు చించుకుంటోంది. నాలుగు చక్రాలూ ఇసుకను వెనక్కి చిమ్ముతున్నాయి. అద్దంలోంచి చూస్తే ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. క్లెమ్ పళ్ళు బిగించి యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు.

రేడియో అరుస్తోంది.

“మూడూ! కాలు తీశావంటే కూరుకుపోతావ్! తొక్కు బాబూ, తొక్కు!”

అది జూడ్ గొంతు. కాన్వాయ్‌లో మొదటి బండి ఆమెది. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళుగా జనాన్ని ఈ సింప్సన్ ఎడారి దాటిస్తోంది. క్లెమ్ బండి నంబర్ మూడు.

ఒక్క కుదుపు!

ముందు చక్రాలు దిబ్బ అంచు దాటాయి. బానెట్ కిందికి వాలింది. ఊపిరి వచ్చింది.

“మూడు... దిబ్బ పైన ఉన్నా!” అన్నాడు మైకులో.

ఇక్కడ అది తప్పదు. ఏ దిబ్బ ఎక్కినా చెప్పాలి. అవతలి నుంచి ఇంకో బండి ఎక్కుతుంటే మొహాలు మొహాలు ఢీకొంటాయి మరి! అందుకే ప్రతి బండికీ ముందు రెండు నిలువుల కర్ర, దాని కొసన నారింజ రంగు జెండా. బండి కనిపించకపోయినా జెండా కనిపిస్తుంది.

క్లెమ్ కిందికి చూశాడు.

రెండో బండి ఆగిపోయి ఉంది. వెనక ఎడమ చక్రం నేలకి అంటుకుపోయింది.

పొద్దున ఒక పంక్చర్. ఇప్పుడు ఇంకోటి!

ఆ బండి మెర్విన్, డుల్సీలది. డెబ్భై ఏళ్ళ మొగుడూ పెళ్ళాలు. వాళ్ళకున్న స్టెప్నీ పొద్దునే అయిపోయింది. జూడ్ చక్రాలు వేరే సైజు. చివరి బండి హ్యూ చక్రాలూ వేరే సైజే.

సరిపోయేది ఒక్క క్లెమ్‌దే.

జూడ్ వెనక్కి నడిచి వచ్చింది. “క్లెమ్, నీ స్టెప్నీ దించు.”

“నాది... నాది కూడా బాగాలేదు జూడ్.”

“బయల్దేరే ముందు నేనే చెక్ చేశాను. దివ్యంగా ఉంది. కాన్వాయ్‌లో నీది నాది ఉండదు బాబూ. నీళ్ళయినా, టైరైనా అందరిదీ. దించు!”

క్లెమ్ కదల్లేదు.

చివరి బండి హ్యూ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి. ఒకప్పుడు పోలీసు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

“ఏంటి తమ్ముడూ, అందులో నిధి గానీ దాచావా?”

అందరూ నవ్వారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, క్లెమ్ చెయ్యి తనకు తెలియకుండానే స్టెప్నీ మీద పడింది.

ఉంది మరి!

పిడికిలంత ఓపల్ రత్నం. నీలం, ఎరుపు, ఆకుపచ్చ నిప్పులు. నీలం మేజోడులో చుట్టి, టైరు లోపల టేపుతో అంటించాడు. తమ్ముడు నాథన్ తవ్విన రాయి అది. దొరికిన మూడో రోజునే నాథన్ గని గోతిలో పడి చచ్చిపోయాడు. కాలు జారిందన్నాడు గని యజమాని స్ట్రౌడ్. రాయి మాత్రం స్ట్రౌడ్ బీరువాలోకి చేరింది. క్లెమ్ ఆ బీరువా పగలగొట్టాడు. దొంగతనమే అనుకోండి, అతనికేం సిగ్గులేదు.

ఎడారి అవతల నాథన్ భార్య షోనా ఉంది. ఐదేళ్ళ పాప ఉంది. ఆ రాయి వాళ్ళ చేతిలో పెట్టాలి. అంతే. ఆ తర్వాత ఏమైనా ఫరవాలేదు.

హైవేల మీద స్ట్రౌడ్ మనుషులు కాపలా ఉన్నారు. అందుకే ఈ దారి. టూరిస్టుల మధ్యలో తనూ ఒక టూరిస్టు.

కానీ ఫోన్ సిగ్నల్ పోయే ముందు షోనా నుంచి ఒక మెసేజ్ వచ్చింది.

“స్ట్రౌడ్ మనిషి ఒకడు మీ కాన్వాయ్‌లోనే ఉన్నాడట. జాగ్రత్త!”

ముందు జూడ్. వెనక హ్యూ. పక్కకి తిరిగితే ఇసుక. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు.

చేసేదేముంది? దించాడు.

హ్యూ స్టెప్నీని రెండు చేతులా ఎత్తాడు. ఒక్క క్షణం ఆగాడు. “కాస్త బరువుగా ఉందే!”

“దిట్టమైన టైరు” అన్నాడు క్లెమ్.

మెర్విన్ బండి నుంచి విప్పిన టైరు ఇసుకలో పడి ఉంది. క్లెమ్ దానివైపు చూశాడు. పక్క గోడలో రెండంగుళాల కోత. పుల్ల గుచ్చుకుంటే చిరుగుతుంది. ఇది చిరగలేదు. నున్నగా ఉంది.

కత్తి!

హ్యూ నడుముకు కత్తి ఒర ఉంది.

“బంగారుకొండవి నాన్నా!” డుల్సీ వచ్చి క్లెమ్ బుగ్గ పుణికింది. “రాత్రికి కేకు చేస్తా. పెద్ద ముక్క నీకే.”

“పదండి పదండి!” జూడ్ చప్పట్లు కొట్టింది. “ఇంకా ఇరవై నాలుగు దిబ్బలు దాటితేనే క్యాంపు. వెనక బండి అద్దంలో కనిపిస్తుండాలి. చెప్పకుండా ఎవరూ దారి దిగొద్దు!”

* * *

ఒకటి. రెండు. మూడు.

క్లెమ్ దిబ్బలు లెక్కపెడుతున్నాడు.

కళ్ళు మాత్రం ముందున్న బండి వెనక ఎడమ చక్రం మీదే! నాథన్ ప్రాణం అందులో గిరగిరా తిరుగుతోంది.

అద్దంలో హ్యూ. ఎంత నెమ్మదిగా వెళ్ళినా, ఎంత వేగంగా వెళ్ళినా... అదే దూరం.

తొమ్మిదో దిబ్బ దగ్గర రేడియో గరగరలాడింది. మెర్విన్.

“జూడ్, ఈ కొత్త చక్రంలో ఏదో లొడలొడ అంటోంది.”

టేపు ఊడింది!

“నడుస్తోందిగా? నడవనీ. క్యాంపులో విప్పి చూద్దాం” అంది జూడ్.

“విప్పడానికి నేను సాయం చేస్తా.” వెంటనే హ్యూ గొంతు. ఎన్నడూ లేని హుషారు.

కుడితిలో పడ్డ ఎలుక అయిపోయాడు క్లెమ్. ఇంకా పదిహేను దిబ్బలు. ఆ తర్వాత అందరి ముందూ టైరు విప్పుతారు. హ్యూ చూస్తాడు. ఆ రాత్రే...

పదమూడు. పద్నాలుగు. పొద్దు వాలుతోంది. ఇసుక ఎర్రబడింది.

పదిహేడు!

“మూడు, దిబ్బ పైన ఉన్నా...”

మాట ఆగిపోయింది.

కింద తెల్లటి చౌడు నేల. ఖాళీ! ముందు బండి లేదు. ఎదురుగా పద్దెనిమిదో దిబ్బ, కొండంత ఉంది. దాని మీదా లేదు.

ఎటు పోయింది?!

కుడివైపు దూరంగా ఒక చిన్న దిబ్బ. దాని వెనకాల... నారింజ జెండా. కదలకుండా నిలబడి ఉంది.

మళ్ళీ పంక్చరా? అయితే చక్రం విప్పుతారు. హ్యూ ఇంకా ఒక దిబ్బ వెనకున్నాడు. రెండు నిమిషాలు చాలు, టైరు తనే పట్టుకోవచ్చు!

రేడియోలో చెప్పాలి. చెప్పలేదు. ఎడారిలో చెయ్యకూడని తప్పు అదొక్కటే, సరిగ్గా అదే చేశాడు.

స్టీరింగ్ కుడికి తిప్పాడు. గట్టి చౌడు మీద చక్రాల గుర్తు కూడా పడలేదు.

చిన్న దిబ్బ చుట్టి వచ్చాడు. దిగాడు.

వెనక ఎడమ చక్రం గాలి పోయి ఉంది. టైరు కోసేసి ఉంది.

మడత కుర్చీలో డుల్సీ కూర్చుంది. ఒళ్ళో నీలం మేజోడు.

“రా నాన్నా. నీకోసమే చూస్తున్నా.”

వీపుకి చల్లటి ఇనుము తగిలింది. వెనక మెర్విన్. చేతిలో వేట తుపాకి.

“మీరా...” క్లెమ్ తల తిప్పాడు. “స్ట్రౌడ్ మనుషులు మీరా?”

“స్ట్రౌడ్ ఎవరు?” డుల్సీ మొగుడి వైపు చూసింది. మెర్విన్ పెదవి విరిచాడు. ఆమే మళ్ళీ అంది, “మాకెవరూ తెలియదు నాన్నా. మగాడన్నవాడు పెళ్ళాం పక్కన పడుకుంటాడు, లేదంటే కుక్క పక్కన పడుకుంటాడు. నువ్వు మూడు రాత్రులూ స్టెప్నీ పక్కన పరుపేశావు. ఏముందో చూద్దామనిపించింది. రెండు టైర్లు పాడుచేసుకున్నాం నీకోసం.”

“అది నాది కాదమ్మా. చచ్చిపోయిన నా తమ్ముడిది. వాడి పాపకి...”

“అందరికీ ఎవరో ఒకరుంటారు” అన్నాడు మెర్విన్. “ముందు జెండా పీకు.”

“ఏంటి?”

“నీ జెండా! మాది పీకేశాం. హ్యూ వచ్చేస్తున్నాడు. పీకు!”

క్లెమ్ మర తిప్పాడు. జెండా కిందికి దిగింది. ఎడారిలో అతను ఉన్నాడని చెప్పేది ఆ గుడ్డముక్క ఒక్కటే.

ఇంజిన్ చప్పుడు.

చిన్న దిబ్బ అంచు మీదుగా హ్యూ జెండా కొస కనిపించింది. ఎడమ నుంచి కుడికి... మెల్లగా... వెళ్ళిపోతోంది. అరిస్తే వినపడదు. అరిచేలోపు తుపాకి పేలుతుంది. ఏ హ్యూ అంటే పొద్దుటినుంచీ హడలి చస్తున్నాడో, ఆ హ్యూ ఆగితే బాగుండునని మనసులో ఏడుస్తున్నాడు!

ఆగలేదు. జెండా పద్దెనిమిదో దిబ్బ ఎక్కడం మొదలుపెట్టింది.

బండిలో రేడియో పలికింది. “మూడూ, ఎక్కడున్నావ్? కనబడట్లేదు.”

మెర్విన్ తుపాకితో పొడిచాడు. “ముందున్నానని చెప్పు. పిచ్చి వేషం వేశావో...”

క్లెమ్ తలుపు తీసి మైకు అందుకున్నాడు. దూరంగా హ్యూ జెండా దిబ్బ శిఖరం మీదికి చేరింది. రెపరెపలాడింది.

వీళ్ళ ధ్యాసంతా చక్రం మీదే. ఈ ముగ్గురిలో దిబ్బలు లెక్కపెట్టింది క్లెమ్ ఒక్కడే.

“ముందే ఉన్నా హ్యూ” అన్నాడు మామూలుగా. “ఇప్పుడే పద్దెనిమిదో దిబ్బ పైన ఉన్నా.”

“...మంచిది. కానివ్వు” అన్నాడు హ్యూ.

అంతే?! అర్థం కాలేదా?

జెండా మాత్రం కదల్లేదు. శిఖరం మీదే నిలబడింది. ఒక నిమిషం... మూడు నిమిషాలు...

“ఏం చేస్తున్నాడు వాడక్కడ?” మెర్విన్ గొణిగాడు.

“ఒంటికి వెళ్ళుంటాడు. వాడు కదిలిందాకా పేల్చకు, వినపడుతుంది” అంది డుల్సీ.

పది నిమిషాలు. పొద్దు అంచుకి చేరింది. జెండా అక్కడే.

ఢాం!

క్లెమ్ నేల మీద పడ్డాడు. ఒళ్ళంతా తడుముకున్నాడు. నెత్తురు లేదు.

మెర్విన్ మోకాళ్ళ మీద కూలాడు. పక్కకి ఒరిగాడు. మళ్ళీ లేవలేదు.

“మెర్వ్!” డుల్సీ కేక ఎడారంతా మోగింది. వెళ్ళి మొగుడి మీద పడింది.

దిబ్బ చాటు నుంచి హ్యూ వచ్చాడు. చేతిలో పిస్తోలు. బండి శిఖరం మీదే వదిలి నడిచొచ్చాడు.

“నేనూ దిబ్బలు లెక్కపెడుతున్నా. ఆ పద్దెనిమిదో దాని మీద ఉన్నది నేను. నువ్వెలా ఉంటావు తమ్ముడూ?” నవ్వాడు. “తెలివైనోడివి.”

“హ్యూ!” క్లెమ్ లేచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “దేవుడిలా వచ్చావు. నిన్ను అనవసరంగా...”

హ్యూ పిస్తోలు దించలేదు.

“రాయి ఇలా ఇవ్వు.”

క్లెమ్ నవ్వు గడ్డకట్టింది.

తీగ సాగిన రేడియో మైకు ఇంకా చేతిలోనే ఉంది. మెల్లగా తొడ వెనక్కి జరిపాడు. బొటనవేలితో బటన్ నొక్కాడు.

“అది మా నాథన్ తవ్వింది హ్యూ.”

“తెలుసు. గోతిలోకి తోస్తుంటే వాడూ అదే మాట అన్నాడు.”

క్లెమ్ వేలు బటన్ వదల్లేదు.

“నువ్వు... తోశావా?”

“స్ట్రౌడ్ చెప్పాడు, తోశాను. నాలుగు రోజులు నీ బండంతా గాలించాను రా. స్టెప్నీ ఎత్తిందాకా బుర్రకి తట్టలేదు. పోనీలే, ముసలాళ్ళు నా పని తేలిక చేశారు. వాళ్ళు నిన్ను చంపారు, నేను వాళ్ళని చంపాను. జూడ్‌కి అలాగే చెప్తా.”

క్లెమ్ బటన్ వదిలాడు.

రేడియో గరగరలాడింది. జూడ్ గొంతు.

“హ్యూ... మొత్తం విన్నాను. శాటిలైట్ ఫోన్‌లో పోలీసులకి చెప్తున్నా. ఉన్నది ఒక్కటే దారి. ఎటు పోతావ్?”

హ్యూ మొహం పాలిపోయింది.

“కాన్వాయ్! నంబర్లు చెప్పండి. అందరూ పలకండి. రెండు?”

ఎవరూ పలకలేదు.

“మూడు?”

“మూడు” అన్నాడు క్లెమ్. “బతికే ఉన్నా.”

హ్యూ పిస్తోలు క్లెమ్ నుదుటికి లేచింది. “ఎలాగూ పోయాను. నిన్ను తీసుకునే పోతా.”

“చివర?” జూడ్ అరుస్తోంది. “చివరి బండీ, పలుకు! హ్యూ!”

క్లెమ్ కళ్ళు మూసుకున్నాడు.

ఢాం!

కళ్ళు తెరిచాడు. హ్యూ ఇసుకలో బోర్లా పడి ఉన్నాడు.

వెనకాల డుల్సీ. చేతిలో మొగుడి తుపాకి. తెల్ల జుట్టు మొహమంతా పడింది. తుపాకి కింద పడేసింది. నీలం మేజోడు తీసి క్లెమ్ కాళ్ళ దగ్గరికి విసిరింది, ఇక దానివైపు చూడలేదు.

దగ్గరికొచ్చి అతని చేతిలోంచి మైకు తీసుకుంది.

“జూడ్... రెండు మాట్లాడుతున్నా. చివరి బండి ఖాళీ.”

బటన్ వదిలి మొగుడి వైపు చూసింది. మళ్ళీ బటన్ నొక్కింది.

“రెండులో ఒక్కదాన్నే ఉన్నా.”