వరుస తప్పిన ఐదు పుస్తకాలు

లైబ్రరీ నుంచి బైండింగుకి ఐదు పుస్తకాలు వచ్చాయి. అట్టలు ఊడిపోయి, మూలలు నలిగి, చేతులు మారీ మారీ మెత్తబడిపోయాయి. మాయలూ మంత్రాలూ ఉన్న ఒక రాకుమారి కథ. రాసినాయనకి కాస్త తిక్క కాబోలు, మొదట అచ్చయిన భాగంలోనే ఆమెని ఇరవై రెండేళ్లకి యుద్ధంలో చంపేశాడు. ఆ తర్వాత తీరిగ్గా వెనక్కి నడిచాడు. రెండో భాగంలో ఆమెకి ఇరవై, మూడో దాంట్లో పన్నెండు, నాలుగో దాంట్లో ఐదు. ఐదో భాగంలో అప్పుడే పుడుతుంది.

బైండరమ్మ మొదటి భాగాన్ని నిరుడే లైబ్రరీ నుంచి తెచ్చుకుని చెల్లెలితో కలిసి చదివింది. ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని అక్క పైకి చదివేది. లోపలిగదిలో చెల్లెలు చిట్టి, మంచం మీద కూర్చుని కాగితాలు మడతపెడుతూ ఊ కొట్టేది. మధ్యలో ఒక కర్టెన్.

"మొదటే చావేమిటే, దరిద్రం! పుట్టిన దగ్గర్నుంచి చదువుదాం" అని అక్క గొణిగేది.

"వచ్చిన వరుసలోనే చదవాలక్కా. చచ్చిపోయినా తర్వాతి పుస్తకంలో మళ్లీ కనిపిస్తుంది. అదే కదా బాగుంటుంది!" అని చిట్టి పట్టిన పట్టు విడిచేది కాదు.

రెండో భాగం తెరవకముందే చిట్టికి జ్వరం తగిలింది. తొమ్మిది రోజులు మంచాన పడి, పదో రోజు పోయింది. దానికీ ఇరవై రెండేళ్లే.

ఇప్పుడీ ఐదూ వచ్చిన మధ్యాహ్నం వాన పట్టుకుంది. గదంతా బంక వాసన, తడిసిన కాగితం వాసన. బైండరమ్మ రెండో భాగం తీసి, పేజీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడబోయి, అలవాటు కొద్దీ పైకి చదివేసింది. పేజీ తిప్పింది.

"ఊఁ."

లోపలిగదిలోంచి...

లేచి కర్టెన్ లాగింది. మంచం, చుట్టిపెట్టిన పరుపు. ఎవరూ లేరు. వచ్చి కూర్చుని ఇంకో పేజీ చదివింది.

"ఊఁ."

చిట్టి గొంతే. ఒళ్లు జలదరించింది. కానీ భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని చదువుతూనే ఉంది. మళ్లీ లేచి చూడలేదు. చూస్తే ఆ గొంతు ఆగిపోతుందేమోనని అదో బెంగ.

మర్నాడు మూడో భాగం మొదలుపెడితే గొంతు సన్నబడింది. బడికి వెళ్లే రోజుల గొంతు. నాలుగో భాగానికి మాటలు సరిగ్గా తిరగలేదు. "తలువాత? అక్కా, తలువాత?" అని ఒకటే గోల. బైండరమ్మ నవ్వుకుంటూ చదివింది. ఐదో భాగం తెరిచి రెండు వాక్యాలు చదివిందో లేదో, కర్టెన్ వెనక పురిటిబిడ్డ కేర్‌మంది.

గబుక్కున పుస్తకం మూసేసింది. ఇది పూర్తయితే ఇంక వెనక్కి వెళ్లడానికి ఏమీ మిగలదు. ఒకసారి పోగొట్టుకుంది, రెండోసారి ఆమె వల్ల కాదు.

ఆలోచించి ఆలోచించి, బైండర్లకి తప్ప మరెవరికీ రాని ఉపాయం కనిపెట్టింది. పాత కుట్లన్నీ విప్పేసింది. ఐదో భాగం ముందు, దాని వెనక నాలుగు, మూడు, రెండు పేర్చి, నాలుగింటినీ కలిపి ఒకే పుస్తకంగా కుట్టేసింది. చావున్న మొదటి భాగాన్ని వానలోనే తీసుకెళ్లి లైబ్రరీలో ఇచ్చేసింది. "ఇది బాగుచేయడం కుదరదండీ" అని చెప్పేసింది. ఇప్పుడిక కథలో పిల్ల పుడుతుంది, పెరుగుతుంది, ఇరవై ఏళ్ల దగ్గర ఆగుతుంది. చావే లేదు. తన పనితనానికి తనే మురిసిపోయింది.

వారం రోజులు మిగతా పనులు మూలన పడేసి చదివింది. లోపల ఏడుపు ఊసులైంది, ఊసులు మాటలయ్యాయి, మాటలు ముదిరాయి. చివరి పేజీకి వచ్చేసరికి సాయంత్రం నాలుగైనా కాలేదు కానీ, మబ్బుకి ఇల్లంతా చీకటైపోయింది.

"తర్వాత?"

"అయిపోయిందే. మళ్లీ మొదట్నుంచి చదవనా?"

"ఇంకోటుంది కదా."

"ఆ చచ్చిపోయేదా? అది వద్దే చిట్టీ..."

"అది ఎప్పుడో వినేశాం. దాని తర్వాతది. చచ్చిపోయాక ఏమైందో, ఆ భాగం."

బైండరమ్మ పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది. "అలాంటిది లేదే... ఇంకా అచ్చే కాలేదు."

"ఇక్కడికి వచ్చింది."

కర్టెన్ వెనక పేజీ తిరిగిన చప్పుడు... మెల్లగా.

"ఇన్నాళ్లూ నువ్వే చదివావు. గొంతు పోయుంటుంది. ఇవాళ నేను చదువుతా. లోపలికి రా అక్కా."

వెళ్లకూడదని ఆమెకి తెలుసు. అంత పిచ్చిదేం కాదు. కానీ ఏడాదిగా ఆమెని ఇలా రమ్మని పిలిచినవాళ్లు లేరు. బల్ల పట్టుకుని లేచింది. నాలుగడుగులు వేసింది. కర్టెన్ మీద చెయ్యి వేసింది. బట్ట తడిగా, చల్లగా తగిలింది.

లోపల చిట్టి గుసగుసగా ఏదో అంది. అక్కతో కాదు...

"కాస్త జరగండి. మా అక్క కూర్చుంటుంది."

మంచం కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. ఒకరి తర్వాత ఒకరు... జరుగుతూనే ఉన్నారు.