చావమంటే చావని కణాలు

ల్యాబ్‌లోకి అడుగుపెట్టగానే నా చెవిన పడిన మొదటి మాట, "చస్తారా, చావరా?"

గుమ్మంలోనే ఆగిపోయాను. చూస్తే లోపల ఒక అమ్మాయి తప్ప ఎవరూ లేరు. మైక్రోస్కోప్ మీదికి వంగి, గాజు పళ్లెంలోని కాన్సర్ కణాలను తిడుతోంది.

నేను బొమ్మలు వేసేవాణ్ణి. ఆమె పరిశోధనకి బొమ్మలు వెయ్యమని డైరెక్టర్ గారు పంపారు. "మైటోకాండ్రియా అంటే కణానికి కరెంటిచ్చేవి కదండీ," అన్నాను, తెలిసిన ఒక్క ముక్కా ఒలకబోస్తూ.

"కరెంటిచ్చేదీ అవే, మెయిన్ ఆపేసేదీ అవే," అంది.

తర్వాత ఓపిగ్గా చెప్పింది. కణం బాగుపడలేనంతగా పాడైతే మైటోకాండ్రియా తమలోని ఒక ప్రోటీన్‌ని బయటికి వదులుతాయట. దాంతో కణం తనంతట తానే ముడుచుకుని, పక్కవాటికి ఇబ్బంది లేకుండా పోతుందట. కాన్సర్ కణాలు మాత్రం ఆ ప్రోటీన్ బయటికొచ్చే తలుపుకి గడియ పెట్టుకుని కూర్చుంటాయి. ఆ గడియ తీసే మందు కోసం ఈ పిల్ల తిండీ నిద్రా మానేసింది. వినేకొద్దీ ఆమె మీద గౌరవం పెరిగింది. గౌరవమేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఈసారీ కణాలు చావకపోతే పని ఆపెయ్యాల్సిందేనని డైరెక్టర్ గారు తేల్చేశారు. ఆ సంగతి మాట్లాడటానికి ఆమెను పిలిచిన రోజు, నేను మందు వేసిన పళ్లెం చూస్తూ బొమ్మ గీస్తున్నాను. చూస్తుండగానే కణాలు ముడుచుకుపోయాయి. లైటు ఎక్కువసేపు ఉంచి నేనే చంపేశాననుకున్నాను. డైరెక్టర్ గారి గదిలో ఉన్న ఆమె దగ్గరికి పరిగెత్తాను.

"చచ్చాయి మేడమ్. మందుకి కాదు, నా లైటుకి. ప్రయోగం పాడైతే తప్పు నాదే, మీది కాదు."

ఆమె నన్ను తోసుకుంటూ వెళ్లి చూసింది. పోల్చి చూడటానికి పెట్టిన, మందు వెయ్యని పళ్లేన్నీ నేను అంతసేపూ అదే లైటు కింద పెట్టి గీశాను. అందులో కణాలు నిక్షేపంలా ఉన్నాయి. మందు వేసినవాటిలో, ఆకుపచ్చగా మెరిసేలా చేసిన ఆ ప్రోటీన్ మైటోకాండ్రియా దాటి కణమంతా పరుచుకుంది.

"గడియ తీసింది," అని కళ్లు తుడుచుకుంది. వెనకే వచ్చిన డైరెక్టర్ గారు కూడా చూసి, పని ఆపే ప్రసక్తే లేదన్నారు.

ఆయన వెళ్లాక నా వైపు తిరిగింది. "తప్పు నీ మీద ఎందుకేసుకున్నావ్?"

"మీ పని ఆగిపోతే చూడలేను. మీరంటే నాకిష్టం."

ఆమె వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. మందు పనిచేసిందని చెప్పింది. తర్వాత నన్నే చూస్తూ, "రోజూ నీకు చెప్తుంటానే నాన్నా, ఆ బొమ్మలబ్బాయి. ఇదిగో, మాట్లాడు," అని ఫోన్ నా చేతిలో పెట్టింది.