మధ్యలో ఒక పువ్వు

అమెరికాలోని మిల్వాకీలో మంచు కురుస్తున్న మధ్యాహ్నం. మ్యూజియంలో అందరూ కోట్లు బిగించుకుని తిరుగుతున్నారు. డిజైన్ చదివే జోసీ కొవాల్స్కికి మాత్రం ఒళ్ళు మండిపోతోంది. కింది అంతస్తులో కొత్త డిజైన్ల ప్రదర్శన. అందులో ఒక గోడ నిండా ఆమె గీసిన కొంగల వాల్‌పేపర్. కింద పేరు మాత్రం ప్రొఫెసర్ హాల్వర్సన్‌ది.

"గోల చెయ్యకే తల్లీ," అన్నాడు క్లాస్‌మేట్ లెన్నీ. "మన మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి."

"నా పని కింద నా పేరు ఉండాలిరా. అంతేగా? రాజ్యమేమైనా అడిగానా?"

"అడిగితే అదీ నేనే గీశానంటాడు."

నవ్వు రాలేదు జోసీకి. రంగు పెన్సిళ్ళూ పుస్తకమూ పట్టుకుని పై అంతస్తు ఎక్కింది. కొత్త ఊహలు కావాలంటే మ్యూజియాలు తిరగమని చెప్పింది ఆ మహానుభావుడే. పాపం, ఆయనకి అంత తిరుగుడు అక్కర్లేకపోయింది. విద్యార్థుల బల్లల దాకా నడిస్తే సరిపోయింది.

చివరి గదిలో ఎవరూ లేరు. గాజు పెట్టెలో గుర్రపు లాడంలా వంగిన పూలదండ. దగ్గరికెళితే తెలిసింది, ఆ పువ్వులన్నీ జుట్టుతో అల్లినవి. పక్కనున్న కార్డు చదివింది. ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ళ జుట్టుని పువ్వుగా అల్లి మధ్యలో పెట్టేవారట. తర్వాత ఇంకొకరి వంతు రాగానే దాన్ని పక్కకి జరిపేవారట. కార్డు చివర ఇలా ఉంది: 'అల్లినవారు: తెలియదు.'

"నీదీ ఎవడో కొట్టేశాడా అమ్మా?" అంది జోసీ.

బొమ్మ గీయసాగింది. దండ మధ్య చోటు ఖాళీ. "నీ డిజైన్లన్నిటికీ మధ్యలో చిల్లేనమ్మా," అంటూ క్లాసందరి ముందూ హాల్వర్సన్ నవ్విన నవ్వు చెవుల్లో మోగింది. పళ్ళు కొరుకుతూ ఆ ఖాళీలో ఒక పువ్వు గీసింది. నెరిసిన ఎర్రజుట్టు పువ్వు. అచ్చం ఆయన తల మీద ఉన్నట్టే, రింగులు రింగులుగా.

గాజు లోపల కత్తెర మూసినట్టు... చిటుక్కు.

పాత పెట్టె తెరిచినట్టు తలనూనె వాసన. ఈ కథ చెప్పేవాడైతే కోటు కూడా వదిలేసి పరిగెత్తేవాడు. జోసీకి భయం కన్నా కోపం ఎక్కువ. పువ్వుకి నీడ కూడా దిద్ది మరీ లేచింది.

మర్నాడు క్లాసులో ప్రొఫెసర్ లేడు. లెన్నీ మొహం పాలిపోయి ఉంది.

"నిద్రలోనే పోయాడట." గొంతు తగ్గించాడు. "తల ఒక పక్క... నున్నగా ఉందటే. ఎవరో కత్తిరించినట్టు."

జోసీ మ్యూజియానికి పరిగెత్తింది. వెనకే లెన్నీ. పై అంతస్తు. చివరి గది. గాజు పెట్టె.

నెరిసిన ఎర్ర పువ్వు... ఉంది.

మధ్యలో కాదు. అప్పుడే పక్కకి జరిగిపోయింది. మధ్య చోటు మళ్ళీ ఖాళీ.

"జోసీ," లెన్నీ గుసగుసలాడాడు. "కార్డు చూడు..."

పసుపుబారిన కార్డు. అంచులు చిట్లి, సిరా వెలిసి, ఎన్నేళ్ళుగానో అక్కడే ఉన్నట్టుంది.

'అల్లినవారు: జోసీ కొవాల్స్కి.'

"తియ్యండి! నా పేరు తీసెయ్యండి!" పిడికిళ్ళతో గాజు మీద బాదింది.

లోపల్నుంచి... చిటుక్కు.