మూల సీటు కంప్యూటరు

నాలుగో అంతస్తులో మూల సీటు దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు.

లిఫ్టులు బిగించి, చెడిపోతే బాగుచేసే కంపెనీ అది. ఆ సీటులో ఏళ్ళ తరబడి కూర్చున్న పెద్దాయన, ఒకరోజు మధ్యాహ్నం టీ తాగుతూ తాగుతూ అక్కడే తల వాల్చేశాడు. అది జరిగి రెండేళ్ళు. ఆయన ఫోను లైను అప్పుడే కోసేశారు. అయినా రాత్రిళ్ళు ఆ మూల నుంచి సన్నగా గుర్రుమని చప్పుడొస్తుందని... బల్ల కింద పచ్చగా ఏదో మినుకుమంటుందని... ఊడ్చేవాళ్ళు కూడా దాని చుట్టూ ఊడ్చి గబగబా పోతారని చెప్పుకుంటారు.

వెతుకులమ్మకి ఇదంతా నవ్వులాట. ఆవిడ అసలు పేరు ఆఫీసులో అందరూ మర్చిపోయారు. కంపెనీ కాగితాలు, ఫొటోలు, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకున్నవీ అన్నీ పెట్టుకునే సైటు ఒకటుంది. ఎవరికేం కావాలన్నా అందులోనే వెతుక్కోవాలి. ఆ సెర్చ్ బాగుచేసే పని ఆవిడది. పేరు అలా అంటుకుపోయింది.

పని అయితే ఇచ్చారు గానీ, ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఏం వెతికినా మొదట పెద్దాయన పేజీయే. తలుపు మూసుకోవడం లేదని కొడితే ఆయనే. తాడు అరిగిందంటే ఆయనే. రెండు రోజులు సెలవు కావాలన్నా ఆయనే! కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న ఫొటో, దాని కింద ఒకే ముక్క — "నాకు ఫోన్ చేయండి, చెబుతాను."

కారణం ఆవిడకి తెలుసు. ఎక్కువమంది నొక్కిన పేజీని సెర్చ్ పైకి తెస్తుంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరూ కాగితాలు చదివిన పాపాన పోలేదు. ఆయన పేజీ నొక్కడం, నంబరు చూసి ఫోన్ కొట్టడం. ఆయనా విసుక్కుంటూనే అన్నీ చెప్పేవాడు, ఒక్కటీ రాసిపెట్టేవాడు కాదు. మనిషి పోయాడు... పేజీ మాత్రం నెత్తిన కూర్చుంది.

తీసేసింది. తెల్లారేసరికి వచ్చింది. మళ్ళీ తీసేసింది. మళ్ళీ వచ్చింది.

పెద్ద బాసు ముందు రెండుసార్లు పరువు పోయింది. "పోయినాయన్ని పంపించడం మీ వల్ల కాకపోతే చెప్పండి, ఈ పని బయటివాళ్ళకి ఇచ్చేస్తా. రేపు పొద్దున చూస్తా, అదే ఆఖరు" అన్నాడు. బయటివాళ్ళకి ఇవ్వడమంటే వెతుకులమ్మ ఉద్యోగం ఊడినట్టే.

ఆ రాత్రి అంతస్తంతా ఖాళీ అయింది. పక్క సీటావిడ సంచి భుజాన వేసుకుంటూ, "వచ్చేయవే. ఆ మూల పక్కన ఒక్కదానివే ఏం కూర్చుంటావు?" అంది.

"దెయ్యం వస్తే రానీ. కడిగిపారేస్తాను."

"కడిగితే కడుగు గానీ, నా కుర్చీలో మాత్రం కూర్చోబెట్టకు తల్లీ!"

ఆవిడా వెళ్ళిపోయింది. వెతుకులమ్మ పేజీ తీసేసి, ఈసారి కదలకుండా చూస్తూ కూర్చుంది. కిటికీ అవతల వీధి సద్దుమణిగింది. కళ్ళు మంటలు...

గుర్ర్ర్...

మూల నుంచే. ఆవిడ తల తిప్పేలోపు — కళ్ళ ముందే పేజీ తిరిగొచ్చింది. కళ్ళజోడు, నుదురు, అదే చూపు.

భయం ఒక పక్క, ఒళ్ళుమంట ఒక పక్క. ఒళ్ళుమంటే గెలిచింది. లేచి వెళ్ళి బల్ల కింద వంగి చూసింది.

దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటరు. పచ్చ దీపం. లోపల ఫ్యాను గుర్రుమంటోంది.

తెర వెలిగించి చూస్తే, ఆయన పెట్టిన ఏర్పాటే! రోజూ రాత్రి తన పేజీని తనే సైటులోకి పంపేలా పెట్టుకున్నాడు. దెయ్యమని భయపడి ఎవరూ దీన్ని ఆపలేదు. ఎవరూ ఆపలేదు గనకే దెయ్యం తిరుగుతోంది!

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "ఏం పెద్దాయనా, నా పొట్ట కొట్టడానికేనా ఇదంతా? అన్నేళ్ళు నోటితో చెప్పారే, ఒక్కటంటే ఒక్కటి రాసిపెట్టి పోతే మీ సొమ్మేం పోయేది?" అని వైరు లాగేసింది.

గుర్రు ఆగింది.

పేజీ తీసేసి వెతికి చూసింది. తలుపంటే తలుపు కాగితం, తాడంటే తాడు కాగితం. హమ్మయ్య అనుకుని, దీపాలార్పి లిఫ్టెక్కింది.

కొంచెం దిగిందో లేదో... ఒక్క కుదుపు. లిఫ్టు ఆగిపోయింది. దీపం పోయింది.

సెల్లుకి సిగ్నల్ లేదు. గోడకున్న ఫోను ఎత్తితే కింద గార్డు పలికాడు. "కంగారు పడకమ్మా. మెకానిక్ రావాలంటే రెండు గంటలు పడుతుంది."

"రెండు గంటలా! బాబాయ్, నీ కంప్యూటర్లో మన సైటు తియ్యి. లిఫ్టు ఇరుక్కుంది అని కొట్టు. ఏమొచ్చింది?"

"...ఎవరో పెద్దాయన ఫొటోనమ్మా. కళ్ళజోడు నుదుటి మీద ఉంది."

ఆవిడ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. "కింద... కింద ఇంకేం లేదా?"

"ఏం లేదమ్మా. ఫోన్ చేయమని నంబరుంది. ఉండు, చేస్తా."

"వద్దు బాబాయ్! ఆ లైను—"

నెత్తి మీద, నాలుగో అంతస్తులో, ఫోను మోగింది.

ఒకసారి... రెండోసారి... మూడోది సగంలో ఆగింది. ఎవరో ఎత్తినట్టు.

ఆవిడ గోడకి అతుక్కుపోయింది. ఎంతసేపో తెలియదు. పైనెక్కడో స్విచ్చు పడిన చప్పుడు, ఇనుము కీచుమంది. లిఫ్టు మెల్లగా, మెల్లమెల్లగా కిందికి జారింది. తలుపు తెరుచుకుంది. మేడ మీది లిఫ్టు మోటారు గది నుంచి గార్డు రొప్పుతూ మెట్లు దిగొచ్చాడు.

"మంచివాడమ్మా ఆయన. ఇంత రాత్రి ఎవరయ్యా అని విసుక్కుంటూనే అన్నీ చెప్పాడు. ఏది ఆపాలో, ఏ పిడి వదలాలో..."

"ఇంకేమన్నాడు?" అంది ఆవిడ.

"ఆ అమ్మాయిని తిట్టుకోవద్దను, రాస్తున్నానని చెప్పు, వైరు మాత్రం పెట్టి వెళ్ళమను అన్నాడు. ఏం వైరమ్మా?"

వెతుకులమ్మ పైకి చూసింది. వైరు పెడితే ఉద్యోగం పోతుంది. పెట్టకపోతే... మెట్ల మీదుగానే పైకి వెళ్ళింది. కళ్ళు మూసుకుని వైరు పెట్టేసి, మెట్ల మీదుగానే పరిగెత్తుకొచ్చింది.

పొద్దున పెద్ద బాసు వచ్చి, ఆవిడ పక్కనే నిలబడి తనే కొట్టాడు — లిఫ్టు ఇరుక్కుంది.

మొదట పెద్దాయన పేజీయే వచ్చింది. ఆవిడ తల దించేసుకుంది.

"ఫొటో ఆయనదే అయినా, ఇదిగో, ఇలా ఉండాలి!" అన్నాడు బాసు. "ఎవరు రాశారండీ ఇంత వివరంగా?"

ఆవిడ తలెత్తి చూసింది. ఫొటో కింద ఆ పాత ముక్క లేదు. ఏది ముందు ఆపాలో, ఏ పిడి ఎలా వదలాలో పేజీ నిండా రాసి ఉంది. అన్నిటికన్నా అడుగున —

"ఇక ఫోన్ చేయక్కర్లేదు."