మిషన్ కోసిన గడ్డి

"ఎవరండీ అక్కడ? గ్రౌండ్‌లో కూర్చుని ఏం చేస్తున్నారు?"

కాలేజీ ఆటస్థలం చూసుకునే కుర్రాడు ఈల ఊదుకుంటూ పరుగెత్తాడు. ఆ గడ్డి అతనికి ప్రాణం. ఎవరైనా చెప్పులతో తొక్కితేనే అన్నం సయించదు, అలాంటిది ఒకమ్మాయి మెడలో టేపు వేసుకుని కత్తెరతో ఏకంగా కత్తిరించేస్తోంది.

"కనిపించట్లేదా? గడ్డి కత్తిరిస్తున్నా."

"అది నా గడ్డి!"

"ఏం, మీరు తింటారా?"

అతను దగ్గరికొచ్చి చూశాడు. ఎదుటి వీధిలో బట్టలు కుట్టే అమ్మాయని అప్పుడు గుర్తుపట్టాడు.

"మా కుందేలు తింటుంది" అందామె, కాస్త తగ్గి.

"ఆ మాత్రానికి కత్తెరెందుకండీ? నా మిషన్ రోజూ బస్తాడు గడ్డి కోస్తుంది. పట్టుకెళ్ళండి."

"వద్దు బాబూ. మిషన్లో నలిగిన గడ్డి కాసేపటికే వేడెక్కి పులిసిపోతుంది. అది తింటే దానికి కడుపు ఉబ్బిపోతుంది. కొడవలితో కోసి ఇస్తే చెప్పండి, రోజూ వస్తా."

జన్మలో కొడవలి పట్టనివాడు మర్నాడే ఒకటి కొన్నాడు. రెండు వేళ్ళు కోసుకున్నాడు కూడా. ప్రేమలో పడ్డవాళ్ళకి కట్టు కట్టుకోవడం ఒక ముచ్చట.

కుందేలు పేరు దూది. పెట్టింది ఆమె చెల్లెలు. ఆ పిల్ల కిందటేడాది జ్వరంతో నాలుగు రోజుల్లో పోయింది. అప్పట్నుంచీ దూది తిండి విషయంలో అక్క రాక్షసి. కడుపునిండా గడ్డి, పిడికెడు ఆకులు, ఎప్పుడైనా చిన్న క్యారెట్ ముక్క, అంతే. తల్లి మాత్రం చిన్నకూతురు చేసినట్టే చాటుగా బిస్కెట్లు పెట్టేది. ఇంట్లో గొడవలన్నీ దాని గురించే. చనిపోయిన పిల్ల మాట ఇద్దరూ ఎత్తరు.

ఒకరోజు మ్యాచ్ ఉందని అతను పొద్దున్నే మిషన్ నడిపాడు. ఆ తర్వాత పట్టుకున్న వాన సాయంత్రం దాకా వదల్లేదు. ఆమె వచ్చే వేళయింది. కొడవలి తీయలేదు. మిషన్ పెట్టెలోని గడ్డే సంచిలో నింపి ఇచ్చేశాడు. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె బుట్ట పట్టుకుని వచ్చింది. వెనకే తల్లి.

"దూది ఏమీ ముట్టట్లేదండీ. ఒక్క పెంటిక కూడా వేయలేదు. ఆటోలు దొరకట్లేదు."

అతను గ్రౌండ్ సామాన్ల వ్యాన్‌లో ఎక్కించుకుని వెళ్ళాడు. డాక్టర్ దూది పొట్ట నొక్కి చూశాడు. "గ్యాస్ పట్టేసింది. పేగులు కదలట్లేదు. ఇలాగే ఉంటే కష్టం. ఏం పెట్టారు? పులిసిన గడ్డి ఏమైనా?"

"గడ్డికి వంక పెట్టలేం డాక్టర్‌గారూ. ఈయన కొడవలితో కోసి ఇస్తారు" అంది ఆమె.

అంత నమ్మకంగా అంది. నిన్న నింపిన సంచి అతనికి గుర్తొచ్చింది. అయినా నోరు విప్పలేదు.

మందు ఎక్కించి బయట కూర్చోమన్నారు. ఆమె తల్లివైపు తిరిగింది. "మళ్ళీ బిస్కెట్ పెట్టావు కదూ?"

"మొన్న చిన్న ముక్కేనే. మీ చెల్లెలికోసం కొన్న డబ్బా ఖాళీ చేయలేక..." పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దాన్ని కాపాడుకోలేకపోయాను. ఇప్పుడు దీన్ని నా చేతులారా చంపుకుంటున్నాను."

అతను ఇక ఆగలేకపోయాడు. "పిన్నిగారూ, మీరు కాదు. నేను. నిన్న ఇచ్చింది మిషన్ గడ్డి."

ఆమె అతన్ని చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఆమె దూది ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆరు రోజులు వాన. ఆరు రోజులూ గ్రౌండ్‌కి ఎవరూ రాలేదు. వాళ్ళ వీధిలోకి వెళ్ళడానికి అతనికి మొహం చెల్లలేదు. దూది బతికిందో లేదో అడిగే హక్కు కూడా పోయిందనుకున్నాడు.

ఏడో రోజు ఆమె వచ్చింది, చేతిలో కొత్త కొడవలితో.

"దూది?" అన్నాడు.

"మూడో రోజు పెంటికలు వేసింది. అమ్మ వీధంతా వినబడేలా అరిచింది."

లోకంలో ఏ ప్రేమికుడూ పెంటికల మాట విని ఏడ్చి ఉండడు. ఇతను ఏడ్చాడు.

"మీరు నోరు మూసుకుని ఉంటే నేను తప్పు అమ్మదే అనుకునేదాన్ని. జీవితాంతం అనుకునేదాన్ని. ఆ రాత్రే ఇద్దరం చెల్లి గురించి మాట్లాడుకున్నాం, ఏడాది తర్వాత." ఆమె గడ్డిలో కూర్చుంది. "కానీ ఒకటి చెప్పండి. ఆ రోజు ఎందుకు చేశారలా?"

"మీరు ఉండేదే పది నిమిషాలు. వానకి ముందే కోసిపెట్టలేకపోయాను. అప్పుడు కొడవలి పట్టుకుంటే అదంతా కోతకే పోతుంది. మీతో మాట్లాడడానికి టైమ్ ఉండదని."

ఆమె ఒక గుప్పెడు కోసి, నీళ్ళు దులిపింది.

"మీ చేతి గడ్డి మాత్రం ఇంకా నమ్మలేను" అంది. "నేనే కోసుకుంటాను. మీరు పక్కన కూర్చుని మాట్లాడండి."