పదకొండో ఊదా దీపం

ఇసెకి లారీ రెడ్ సిగ్నల్ దాటేసింది!

వెనకాలే తన లారీలో చిజురు కూడా దాటేస్తుంది.

రాత్రి ఎనిమిది. జపాన్‌లో హచినోహె రేవు రోడ్డు. ఇసెకి లారీకి ముందు స్టీలు తొడుగులు, వందల దీపాలు, పక్కల మీద జలపాతం ఎక్కుతున్న చేప బొమ్మ. నిలువెల్లా నగలు దిగేసుకున్న పెళ్లికూతురు గుంపులో ఎక్కడ దాక్కుంటుంది?

"పారిపో... ఎంత దూరం పోతావో చూస్తా."

తొమ్మిది రోజుల క్రితం ఈ రోడ్డు మీదే ఆమె తమ్ముడు రెంజీని ఏదో లారీ గుద్దేసి పోయింది. చేపల మార్కెట్ నుంచి సైకిల్ మీద ఇంటికొస్తున్నాడు. గుద్దినవాడు ఆగి ఉంటే బతికేవాడని డాక్టరే చెప్పాడు.

రోడ్డు మీద దొరికింది ఒక్కటే. ఊదారంగు గాజు ముక్క.

పోలీసులు దాన్ని కవర్లో వేసుకుపోయారు. అది ఏ లారీ దీపం ముక్కో చిజురుకి చూడగానే తెలిసింది. కురామోచి బాబాయ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ దీపాలు చేసే ముసలాయన పోయి పన్నెండేళ్లయింది. ఇప్పుడవి లారీలని ఇలా అలంకరించుకునే వాళ్ల సంఘంలో రెండు లారీల బంపర్లకే ఉన్నాయి. ఒకటి సంఘం పెద్ద కురామోచిది. రెండోది ఇసెకిది. ఒక్కోదానికి పదకొండు.

ఈ సాయంత్రం రెంజీ పేరున ముప్ఫై లారీలు వరసగా నిలబెట్టి దీపాలన్నీ వెలిగించారు. పోయినవాళ్లకి సంఘం చేసే మర్యాద అది. చిజురు ఏడవలేదు. లెక్కపెట్టింది.

కురామోచి లారీకి పదకొండూ వెలుగుతున్నాయి.

ఇసెకి లారీకి పది!

తను అటు నడిచేలోపే ఇసెకి బండి తీసేశాడు. తప్పు చేయనివాడికి అంత తొందరెందుకు?

ఫోన్ మోగుతుంది. కురామోచి. నాన్న పోయాక ఆమెకి లారీ నేర్పిన మనిషి. ఇసెకి పాత ఐస్ ఫ్యాక్టరీ వైపు తిరిగాడని చిజురు ఆయనకి చెప్పింది.

"పోలీసులకి ఇప్పుడే చెప్పకమ్మా. నేనొస్తున్నాగా."

"త్వరగా రండి బాబాయ్."

మూతపడ్డ ఫ్యాక్టరీ. ఆ వెనక సముద్రం. దారి అక్కడితో సరి.

ఇసెకి లారీ ఆగి ఉంది. ఇసెకి కిందికి దిగి నిలబడ్డాడు. అతనిలో భయం లేదు. అదే ఆమెకి నచ్చలేదు.

చిజురు వీల్ స్పానర్ పట్టుకుని దూకుతుంది.

"పదకొండోది ఏది?"

"మీ కురామోచిని అడుగు."

"నిన్నడుగుతున్నా."

"పోయిన వారం ఇంటికొచ్చి దాన్ని అడిగాడు. చెట్టుకొమ్మ తగిలి తనది పగిలిందట. రెంజీ కోసం వెలిగించే రోజున సంఘం పెద్దే ఆరిన దీపంతో వస్తే పరువు పోదా అన్నాడు. పెద్దాయన కదా... విప్పి ఇచ్చా."

అబద్ధం. అబద్ధమే అయి ఉండాలి...

మరి ఎందుకు పారిపోయావని గదమాయించింది.

"పారిపోవడమేంటి? నువ్వు నా మీద మండిపడుతున్నావనీ, దార్లో ఎక్కడా ఆగకుండా ఇక్కడికొచ్చి ఉంటే తనొచ్చి సర్దిచెప్తాననీ ఆయనే పంపాడు."

చిజురు స్పానర్ దించింది.

ఆ గాజు ముక్కని తను గుర్తుపట్టిందని తెలిసింది బాబాయ్ ఒక్కడికే. పది దీపాల లారీ ఒక్కటే కనబడాలి. అది తనది కాకూడదు, అదే ఆయన ఎత్తు!

వెనక నుంచి వెలుగు.

కురామోచి లారీ మలుపు తిరుగుతోంది. కొంగల బొమ్మలు, నుదుట సంఘం పేరు, కింద పదకొండు ఊదా దీపాలు. దారి మొత్తం దానికే సరిపోయింది.

కిటికీలోంచి ఆయన చెయ్యి ఊపాడు. చిన్నప్పట్నుంచీ ఊపినట్టే. ఆ చేతిని నమ్మినందుకు ఆమెకి తన మీదే అసహ్యం వేసింది.

వాళ్లిద్దరూ ఇక్కడున్నట్టు తెలిసిన మనిషి లోకంలో ఆయనొక్కడే.

లారీ పై వరస దీపాలు ఆరిపోయాయి. పక్కవీ ఆరిపోయాయి. చివరికి ఊదావి కూడా...

ఇంజన్ మాత్రం ఆగలేదు!