రసూవా పట్టుగుడ్డ

మా కుట్టు ఫ్యాక్టరీ మా దీవి రాజధాని అంటనానరివో ఊరి చివర, వరిమళ్ళు పూడ్చిన నేలలో ఉంటుంది. ఆగస్టు మాకు చలికాలం, పొద్దున తొమ్మిదైనా పొగమంచు వదలదు. ఆడవాళ్ళు గేటు దగ్గర బియ్యప్పిండి పొంగణాలు ఊదుకుంటూ తిని, గంట కొట్టగానే లోపలికొచ్చి చలిదేశాల వాళ్ళకి జాకెట్లు కుడతారు. వాళ్ళ ఒంటిమీద మాత్రం పల్చటి స్వెట్టరే. నేను మూడో లైను సూపర్‌వైజర్ని. పేరు ఎలియాన్. నేనంటే ఎవరికీ ఇష్టం లేదు. ఇష్టపడమని నేనూ ఎవర్నీ అడగలేదు.

బకూలి నా లైనులో జిప్పులు కుట్టేది. ముప్పై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. వాళ్ళమ్మ రసూవా పోయి నాలుగేళ్ళయింది. వంశపు సమాధి ఏడేళ్ళకోసారే తెరుస్తారు కాబట్టి అప్పుడామెను చాపలో చుట్టి పక్కన మట్టిలో పెట్టారు. ఈ ఏడు తెరుస్తున్నారు. ఆమెను పైకి తీసి, కొత్త పట్టుగుడ్డ చుట్టి, భుజాల మీద సమాధి చుట్టూ ఏడుసార్లు తిప్పి, తనవాళ్ళ పక్కన పడుకోబెట్టాలి. గుడ్డ చుట్టాల్సింది కూతురే. ముహూర్తం గురువారం మధ్యాహ్నం మూడింటికి. నాలుగేళ్ళుగా తల్లి కలలోకొచ్చి చలేస్తోందని ఒక్కటే మాట అంటోందట. మాలో పోయినవాళ్ళు కలలోకొచ్చి చెప్పుకునేది అదే.

జూన్‌లోనే సెలవడిగింది, ఇచ్చాను. నాలుగు రోజులు, సంతకం, ముద్ర అన్నీ అయ్యాయి. గుడ్డ కూడా తెచ్చి చూపించి, నా దస్తూరి బాగుంటుందని పేరు రాసిపెట్టమంది. పేరు లేకపోతే సమాధిలో ఎవరు ఎవరో తెలీదు. పెట్టెల మీద నంబర్లు వేసే నల్ల మార్కరుతో అంచున రసూవా అని రాశాను. ఆ రోజెందుకో నా మనసు మెత్తగా ఉంది.

ముహూర్తానికి ముందురోజు, బుధవారం పొద్దున డైరెక్టరు పిలిచాడు. ఆయన పరాయిదేశం వాడు. ఓడ ముందే వచ్చిందనీ, శుక్రవారానికల్లా సరుకంతా వెళ్ళాలనీ, ఒక్కరికి కూడా సెలవు లేదనీ చెప్పాడు. తేడా వస్తే నన్ను మళ్ళీ మిషను ముందు కూచోబెడతానన్నాడు.

నేను బయటికొచ్చేసరికి బకూలి మూట కట్టుకుని నా బల్ల దగ్గర నిలబడి ఉంది. మధ్యాహ్నం వ్యానుకి ఊరెళ్ళాలి. నేను సెలవు చీటీ తీసుకుని ఆమె ఎదురుగానే అడ్డంగా గీత కొట్టేశాను.

"మేడమ్, మీరే కదా సంతకం పెట్టారు," అంది.

"పెట్టిన చెయ్యే కొట్టేసింది. వెళ్ళి కూచో."

"మళ్ళీ ఏడేళ్ళు ఆగాలి మేడమ్. అమ్మ మట్టిలో ఉంది."

"చచ్చినవాళ్ళకి తొందరేముంది?"

లైనంతా మిషన్లాపి చూస్తోంది. పని మానేసి వెళ్తే ఇద్దరు పిల్లలు పస్తులుంటారని తనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆమె ఏడ్చి ఉంటే అక్కడితో వదిలేసేదాన్నేమో. ఏడవలేదు, నన్నే చూస్తూ నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. నోటి దురద కొద్దీ చెయ్యకూడని పని చేశాను.

మాలో ముందురోజు ఇంటిపెద్ద సమాధి పైకెక్కి, పోయినవాళ్ళని పేరుపెట్టి పిలుస్తాడు. ఎక్కడ తిరుగుతున్నా రేపటికి వచ్చెయ్యమని. ఆ పిలుపు చిన్నపిల్లలు కూడా సరదాకి పిలవరు. నేను కుర్చీ ఎక్కి, మా తాత పిలిచినట్టే గొంతు సాగదీసి పిలిచాను.

"రసూవా తల్లీ, ఎక్కడున్నా రా. నీ కూతురికి సెలవు లేదు. చలేస్తే ఇక్కడికే రా, బోలెడు జాకెట్లున్నాయి."

ఒకరిద్దరు నాకు భయపడి నవ్వారు. ఇస్త్రీ చేసే ముసలి నైవు తలొంచుకున్నాడు. వెనక్కి తీసుకోండి మేడమ్ అని బకూలి మెల్లగా బతిమాలింది. బతిమాలినందుకే ఇంకో రెండుసార్లు పిలిచాను. ఆ మధ్యాహ్నం ఆమె గుడ్డని వ్యాను డ్రైవరుతో తమ్ముడికి పంపించి, వచ్చి జిప్పులు కుట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం దాటినా మంచు విడలేదు. రెండున్నరకి వాసన మొదలైంది. తడిమట్టి వాసన, కుళ్ళిన చాప వాసన. మురుగుకాలవేమో అనుకున్నాను. తర్వాత చలి. కిటికీలోంచి కాదు... బల్ల కిందనుంచి, నా పాదాల్లోంచి పైకి ఎక్కుతోంది.

సరిగ్గా మూడింటికి మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కరెంటుంది, లైట్లు వెలుగుతున్నాయి. ఎవరూ ఆపమనలేదు.

కుట్టిన జాకెట్లు గోడ పొడుగునా కడ్డీకి వేలాడుతున్నాయి, చదునుగా, ఖాళీగా. చివరిది మాత్రం ఖాళీగా లేదు. భుజాలు నిండుగా ఉన్నాయి. జిప్పు మెడదాకా వేసి ఉంది. చేతులు రెండూ... గుండెల మీదికి ముడుచుకుని ఉన్నాయి. రెప్ప వేసి చూసేసరికి హ్యాంగరు ఊగుతోంది. జాకెట్టు లేదు.

అప్పుడు వినిపించాయి. ఉత్త పాదాలు. సిమెంటు మీద తడి పాదాలు. నా బల్ల చుట్టూ... మెల్లగా... మనిషి కనబడదు. ఒక చుట్టు... ఇంకో చుట్టు... వెనకనుంచి వెళ్ళినప్పుడల్లా నా మెడకి జాకెట్టు చెయ్యి రాసుకుంటోంది.

బకూలి లేచి నా పక్కకొచ్చింది. "అమ్మ, మేడమ్," అంది గుసగుసగా. "సమాధి చుట్టూ తిరుగుతోంది."

"ఇక్కడ... సమాధి ఎక్కడుంది?"

ఆమె నా బల్లనీ, బల్ల దగ్గర కూచున్న నన్నూ చూసింది.

నేను లెక్కపెట్టాను. ఆరు. ఆరో చుట్టు నా వెనక ఆగింది. టీ గంట కొట్టారు. మిషన్లు మళ్ళీ కదిలాయి. నేలమీద గుండ్రంగా ఎర్రమట్టి అడుగులు మిగిలాయి. నైవు ఎవరూ చెప్పకుండానే తడిగుడ్డ తెచ్చి తుడిచాడు.

సోమవారం బకూలి తమ్ముడితో కలిసి వచ్చింది. మట్టి తవ్వితే చాప దొరికిందట, చాపలో అమ్మ లేదట. ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆమె చోటు ఖాళీగానే ఉంచి సమాధి మూసేశారట. కోపమైనా లేకుండా చెప్పింది. ఇక పనిలోకి రానంది. పట్టుగుడ్డ నా బల్లమీద పెట్టింది.

"ఇది మాకు పనికిరాదు మేడమ్. మీ పేరుంది."

మడత విప్పాను. అంచున రాత నాదే, నేను రాసే వాలుగానే ఉంది. కానీ రసూవా అని లేదు. ఎలియాన్ అని ఉంది.

ఆ సాయంత్రమే ముహూర్తాలు పెట్టే ముసలాయన దగ్గరికి పరుగెత్తాను. గుడ్డని వచ్చే గురువారం మూడింటికి ఆ సమాధి దగ్గరికి తీసుకెళ్ళి, నేను పిలిచిన పిలుపు నా నోటితోనే వెనక్కి తీసుకోమన్నాడు. ఆ గంట దాటితే తనవల్ల కాదన్నాడు. డైరెక్టరుని సెలవడిగాను. ఒక్కరోజే కదా అని సంతకం పెట్టాడు.

ఇవాళ గురువారం. పొద్దున నన్ను పిలిచి చీటీ అడ్డంగా కొట్టేశాడు. ఇంకో ఓడ వచ్చిందట. సమాధి పనని చెప్పుకున్నాను, కాళ్ళు కూడా పట్టుకున్నాను. ఆయన నవ్వి, చచ్చినవాళ్ళకి తొందరేముంది ఎలియాన్ అన్నాడు. లేచి పారిపోదామని గేటు దాకా వెళ్ళాను. నా కాళ్ళే నన్ను తిప్పి తీసుకొచ్చి ఈ బల్ల దగ్గర కూచోబెట్టాయి.

మూడవడానికి ఐదు నిమిషాలుంది. రెండు జాకెట్లు వేసుకున్నాను. చలి ఆగడం లేదు. గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, నా పేరు చెరిగిపోతుందేమోనని బొటనవేలితో రుద్దాను. వేలు నల్లగా అయింది. సిరా ఇంకా తడిగానే ఉంది.